త్రీనాట్‌త్రీకి తుప్పు వదిలించే ముందు

అమెరికాలో పాత సైనిక రైఫిళ్లు సేకరించే తెలుగువాళ్లు కొందరున్నారు. వారిలో ఒకరు ఈమధ్య ఇషాపూర్‌లో తయారైన త్రీనాట్‌త్రీ కొన్నారు. చిన్నప్పుడు పోలీసు స్టేషన్ ముందు సెంట్రీ భుజాన మనం చూసిన రైఫిలే. గ్యారేజీలో గ్రైండరుకు వైర్ వీల్, అంటే తీగల చక్రం, బిగించి, దాన్ని గంటలో తళతళలాడించారు. తీరా చూస్తే రిసీవరు మీద, అంటే బ్యారెల్ వెనుక బోల్టు కదిలే ఉక్కు భాగం మీద, సీరియల్ నంబరులో రెండు అంకెలు లేవు. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ముట్టుకోనన్నాడు. ఆయన ఇప్పుడు లాయరు కోసం వెతుకుతున్నారు.

అందుకే మొదటే చెబుతున్నాను: వైర్ వీల్ వద్దు. ఎమరీ కాగితం వద్దు. డ్రిల్లుకు తగిలించే బ్రష్షులూ వద్దు. తుప్పు పాడుచేసిన తుపాకుల కన్నా, తుప్పు వదిలించబోయి పాడుచేసిన తుపాకులే నాకు ఎక్కువగా కనిపించాయి. పైనున్న ఎర్ర తుప్పూ ఇనుప ఆక్సైడే, దాని కింద మిగిలిన నల్లని పూతా (దాన్నే బ్లూయింగ్ అంటారు) ఇనుప ఆక్సైడే. తిరిగే తీగలకు ఆ తేడా ఏం తెలుస్తుంది? రెండింటినీ గీకేసి, కింది ఉక్కునూ కొంత తీసుకుపోతాయి. అంచులు గుండ్రబడతాయి, ముద్రలు పలచబడతాయి. డీపీ అనే ముద్ర ఉంటే ఆ రైఫిలు డ్రిల్లుకే తప్ప పేల్చడానికి పనికిరాదని అర్థం. మీరు దాన్ని నునుపు చేసి అమ్మేస్తే, కొన్నవాడు చెంపకు ఆనించుకుని పేలుస్తాడు. సీరియల్ నంబరు చెరిపిన తుపాకిని, ఆ సంగతి తెలిసీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మన దేశంలోనూ 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షన్ గుర్తులు చెరపడాన్ని నిషేధించింది. ఇక్కడ ఇంట్లో మరమ్మతు మాటే పెట్టుకోవద్దు, లైసెన్సున్న దుకాణానికి ఇవ్వండి.

తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడమని అందరూ చెబుతారు. తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టును వెనక్కి లాగినప్పుడు తూటా బయటికి రాకపోతే లోపల లేదనుకోవద్దు. తుప్పుకు ఛాంబర్‌లోనే, అంటే తూటా కూర్చునే గదిలోనే, అతుక్కుపోయి ఉండవచ్చు. టార్చి వేసి చూడండి. ఉంటే మీరు కదిలించకండి, గన్‌స్మిత్‌ను పిలవండి.

త్రీనాట్‌త్రీని విప్పేటప్పుడు ముందు బ్యారెల్ కింది కొయ్య తీయాలి, తరువాతే వెనుక బట్టును, అంటే భుజానికి ఆనే కొయ్యను, బిగించి ఉంచే పొడవాటి మర బోల్టు తిప్పాలి. ఆ మర బోల్టు చివర చదరంగా ఉండి ముందు కొయ్య వెనుక భాగంలో ఇమిడి ఉంటుంది. వరుస తప్పి తిప్పితే కొయ్య చీలుతుంది. తీయకుండా వదిలేద్దామా అంటే, అసలు తుప్పు ఉండేది ఆ కొయ్య మరుగునే. పైకి నున్నగా కనిపించే బ్యారెల్ కిందివైపు గుంటలు పడి ఉండటం మామూలే.

మరి తుప్పు ఎలా పోవాలి? చిన్న మచ్చలైతే నూనె వేసి రాగితో మెల్లగా గీకండి. అమెరికాలో 1982కు ముందటి పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, సరిపోతుంది, ఆ తరువాతి వాటిలో ఉండేది దాదాపు జింకే. తుప్పు ఎక్కువగా ఉంటే జిడ్డంతా కడిగి, ఆ భాగాలను డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట మరిగించండి. ఎర్ర తుప్పు నల్లని ఆక్సైడుగా మారుతుంది. వదులుగా ఉన్న నలుపును అతి సన్నని స్టీల్ ఊలుతో, అంటే ఉక్కు పీచుతో, చేత్తోనే తుడవండి. చేత్తోనే! ఊలుకు తయారీలోనే నూనె అంటి ఉంటుంది, ముందు అసిటోన్‌తో కడగాలి. కుళాయి నీళ్లు పోస్తే మరకలు పడతాయి. లోహం వేడిగా ఉండగానే నూనె పట్టించండి. సైన్యమే నల్ల పెయింటు వేసిన రైఫిళ్లూ ఉన్నాయి. అదే దాని అసలు పూత, ఊడబెరకవద్దు.

వెనిగర్, ఆమ్లాలు, దుకాణంలో దొరికే తుప్పు ద్రావణాలు తుప్పుతోపాటు బ్లూయింగ్‌నూ తినేస్తాయి. స్ప్రింగులను ఆమ్లంలో వేస్తే పెళుసుబారి విరుగుతాయి. ఎలక్ట్రాలిసిస్ చేస్తే, అంటే నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలిస్తే, స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను ఆనోడుగా (పాజిటివ్ తీగ తగిలించే ముక్కగా) వాడకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. వచ్చే హైడ్రోజన్‌కు నిప్పు తగలకూడదు, తలుపులు తెరిచి పెట్టండి. వేడి చేయకుండానే నల్లని పూత వేసే కోల్డ్ బ్లూ ద్రావణాల్లో సాధారణంగా విషపూరితమైన సెలీనియం ఉంటుంది, చేతి తొడుగులు లేకుండా సీసా మూత కూడా తీయకండి. మరిగే కాస్టిక్ ద్రావణంలో ముంచి పూత వేసే హాట్ బ్లూయింగ్ ఇంట్లో వద్దు. మరిగే కాస్టిక్‌లో నీళ్లు ఒక్కసారిగా పడితే ముఖం మీదికి చిమ్ముతుంది. పైగా ఆ తొట్టి మెత్తని టంకాన్ని కరిగించేస్తుంది. జర్మన్ మౌజర్ రైఫిలులో వెనుక సైటు (గురి చూసే భాగం) దిమ్మె ఆ టంకంతోనే నిలబడి ఉంటుంది.

రిసీవరుకూ బోల్టుకూ టార్చ్ మంట చూపకండి, ఉక్కు పదును పోతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు కొట్టి వేడి చేయకండి, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొయ్యకు అవిసె నూనె రాసిన గుడ్డలు కుప్పగా వదలకండి, వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టండి. పాత తూటాల ప్రైమరు వదిలిన ఉప్పు నూనెకు కరగదు, బ్యారెల్‌లో ముందు వేడినీళ్లు పోయండి. వంటగిన్నెలు వాడకండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. చేతులు కడగకుండా తినకండి, సీసం ఉంటుంది. ఇంకో రైఫిలు బోల్టు తెచ్చి దీనికి పెట్టకండి. పని మొదలుపెట్టే ముందే ప్రతి ముద్రకూ ఫొటో తీయండి. ఎవరేం చెప్పినా వైర్ వీల్ వద్దు. తుప్పు పోయాక లోతైన గుంటలు బయటపడితే పేల్చవద్దు. బాగానే ఉందనిపించినా మూసిన బోల్టుకూ ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకూ మధ్య దూరాన్ని, అంటే హెడ్‌స్పేస్‌ను, గన్‌స్మిత్ కొలిచేదాకా అందులో తూటా పెట్టవద్దు.