వీధిలో వదిలేసిన బండిపై ఫిర్యాదు

టైర్లలో గాలి దిగి, దుమ్ము కొట్టుకుపోయిన బండి వీధిలో పడి ఉంటే ముట్టుకోవద్దు, దొంగబండి కావచ్చు. నంబరు ప్లేటు, పక్కన దుకాణం బోర్డు కలిసొచ్చేలా ఫొటో తీయండి. మర్నాడు అదే చోటి నుంచి మరొకటి. ఎందుకంటే, మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆపైన వదిలేసిన బండిని తీయించే అధికారం పోలీసులకుంది.

బండి ఏ జిల్లాదో నంబరు మొదట్లో చూడండి: ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం పాత సిరీస్. ఏపీ 39 అయితే జిల్లా తెలీదు, అది రాష్ట్రమంతటికీ ఒకటే.

పోలీస్ స్టేషన్‌కి అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదానిపై స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. అర్జీలు వీగిపోయేది చిరునామా దగ్గరే: ‘కాంప్లెక్స్ దగ్గర’ అంటే ఎవరికి తెలుస్తుంది? వీధి, కరెంటు స్తంభం నంబరు రాయాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీదైతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. కదలిక లేకుంటే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి ఆ ముద్ర కాపీ పట్టుకెళ్లండి.