ఇంట్లో రామచిలక ఉందా? చట్టప్రకారం ఏం చేయాలి

తిరుపతి, చిత్తూరు వైపు వరండాల్లో ఇప్పటికీ రామచిలక పంజరాలు కనిపిస్తుంటాయి. పెంచేవాళ్ళు ప్రాణంగానే చూసుకుంటారు. కానీ అది అడవి పక్షి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం రెండో షెడ్యూల్‌లో, అంటే చట్టం కాపాడే జీవుల రెండో జాబితాలో ఉంది. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

1. ముందు ఏ చిలకో తేల్చుకోండి. పచ్చటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, పొడవాటి తోక, మెడచుట్టూ నలుపు, గులాబి రంగు గీత ఉంటే మన రామచిలకే. ఆ గీత పెద్దయిన మగదానికే స్పష్టంగా ఉంటుంది. పిల్లను చూపించి "గీత లేదు కదా, ఇది ఫారిన్ జాతి" అంటే నమ్మకండి.

లవ్‌బర్డ్స్ అని మనం పిలిచే బడ్జీలకు, కాకటీల్స్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి విదేశీ చిలకలైతే 2024 నిబంధనల ప్రకారం చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖవాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కొన్నప్పటి కాగితాలు దాచుకోండి.

2. జాలిపడి మేడమీది నుంచి వదిలేయకండి. ఒకసారి రెక్క మెల్లగా విప్పి చూడండి. పెద్ద ఈకల చివర్లు కత్తెరతో కోసినట్టు సమంగా ఉంటే అది ఎగరలేదు. పిట్టగోడ దాటి కింద పడగానే పిల్లి గానీ కాకి గానీ అందుకుంటుంది. కొత్త ఈకలు రావాలంటే నెలలు పడుతుంది. ఈలోగా మేత వెతుక్కోవడం కూడా నేర్చుకోవాలి. అది తెలిసినవాళ్ళ చేతుల్లో జరగాల్సిన పని.

3. అటవీ శాఖకు చెప్పండి. గూట్లోంచి పడిన పిల్ల దొరికినా, ఎవరైనా తెచ్చిచ్చినా 48 గంటల్లోగా అటవీ అధికారికో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో తెలపాలని చట్టంలోని 39వ సెక్షన్ చెబుతోంది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా దొరికిందో కాగితంమీద రాసిచ్చి, నకలుమీద సంతకం తీసుకోండి. ఏళ్ళుగా పెంచుతున్నవాళ్ళు ముందు ఒక వకీలుతో మాట్లాడి వెళ్ళడం మంచిది.

చిలకే కాదు, పెంకుమీద పసుపు చారలు నక్షత్రంలా విచ్చుకునే తాబేలును ఇంట్లో ఉంచుకోవడం చట్టపరంగా మరీ ప్రమాదం. కలిసొస్తుందని కొనకండి. అది మొదటి షెడ్యూల్, కనీస శిక్షే మూడేళ్ళు.

4. అటవీ శాఖవాళ్ళు వచ్చేదాకా చిలక పంజరాన్ని నీడలో, చప్పుడు లేనిచోట పెట్టండి. జామ ముక్క, నానిన శనగలు, మంచినీళ్ళు చాలు. పాలు, ఉప్పూకారం కలిపిన అన్నం పెట్టొద్దు.