12,34,56,789కి కారణాంకాలు చేత్తో కనుక్కోవడం

ఒక పెద్ద సంఖ్యకు భాజకాలెన్ని, వాటి మొత్తం ఎంత, దాన్ని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? వీటన్నిటికీ జవాబు ప్రధాన కారణాంకాల్లోనే ఉంటుంది. అందుకే ముందు వాటిని పట్టుకోవాలి. 12,34,56,789తో చేసి చూద్దాం.

చివరి అంకె 9 కాబట్టి 2, 5 పనికిరావు. అంకెల మొత్తం 45, కాబట్టి 9తో నిశ్శేషంగా పోతుంది. భాగఫలం 1,37,17,421. దాన్నీ మళ్లీ పరీక్షించాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. దాని అంకెల మొత్తం 26, అంటే ఇక 3 లేదు. ఈ మొదటి భాగహారం కాగితం మీదే చేయండి. ఎనిమిది అంకెల క్యాలిక్యులేటర్‌లో అసలు సంఖ్య పట్టదు, భాగఫలం పడుతుంది.

7 × 11 × 13 = 1001 కాబట్టి ఈ మూడింటినీ ఒక్క లెక్కతో చూడొచ్చు. కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి, ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోవాలి: 421 − 717 + 13 = −283. 283ను ఈ మూడింటిలో ఏదీ భాగించదు. లక్షలు, కోట్ల కామాల దగ్గర విడదీస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

ఇక ప్రధాన సంఖ్యలను వరసగా ప్రయత్నిస్తూ పోతే మొదటి కారణాంకం 504వ ప్రధాన సంఖ్య దగ్గర గానీ తగలదు! అంతకంటే ముందు ఫెర్మా పద్ధతిని తప్పకుండా ప్రయత్నించాలి. 1,37,17,421 వర్గమూలం 3703 దాటింది కాబట్టి 3704తో మొదలుపెట్టి, దాని వర్గంలోంచి ఈ 1,37,17,421ని తీసేయాలి. మిగిలింది ఖచ్చిత వర్గమైతే పని అయిపోయినట్టే, ఎందుకంటే a² − b² = (a − b)(a + b).

3704² − 1,37,17,421 = 2195. 5తో ముగిసే వర్గం చివర 25 ఉండాలి, ఇక్కడ 95 ఉంది, కాదు.
3705² − 1,37,17,421 = 9604 = 98².

కాబట్టి కారణాంకాలు 3705 − 98 = 3607, 3705 + 98 = 3803. రెండూ దగ్గర దగ్గరగా ఉండబట్టే ఇంత త్వరగా దొరికాయి. దూరంగా ఉంటే ఈ పద్ధతి చాలా నెమ్మదిస్తుంది, అప్పుడు మామూలు భాగహారమే మేలు. 3607ను 59 వరకు, 3803ను 61 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే రెండూ ప్రధానాలే అని తేలుతుంది.

12,34,56,789 = 3² × 3607 × 3803

భాజకాల సంఖ్యకు ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణించాలి: 3 × 2 × 2 = 12. భాజకాల మొత్తం 13 × 3608 × 3804 = 17,84,22,816. ఇందులో 13 అంటే 1 + 3 + 9. దాని బదులు (1 + 3)² వేస్తే 16 వచ్చి లెక్కంతా చెడుతుంది. ఆయిలర్ ప్రమేయం (ఆ సంఖ్య వరకు ఉన్నవాటిలో దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్నో చెప్పేది) విలువ 6 × 3606 × 3802 = 8,22,60,072. ఇక్కడా 9కి 6 వేయాలి, 4 కాదు.

రెండు వర్గాల మొత్తం సంగతి జాగ్రత్తగా చూడాలి. ఈ సంఖ్యను 4తో భాగిస్తే శేషం 1, అంతమాత్రాన సాధ్యమే అనుకోకూడదు. 3607, 3803 రెండింటికీ శేషం 3, రెండూ ఒక్కోసారే ఉన్నాయి. అలాంటి ప్రధానం బేసి ఘాతంతో ఒక్కటి ఉన్నా చాలు, రెండు వర్గాల మొత్తంగా రాయడం కుదరదు.