వినాయకుడి విగ్రహానికి అడ్వాన్సు ఇచ్చేముందే చూసుకోవాల్సినవి

వినాయక చవితి భాద్రపదంలో వస్తుంది. నేల తడిగా, చెరువులు నిండుగా ఉండే రోజులవి. ఇనుప పైపుల మండపం, చెప్పుల్లేని కాళ్లు, రాత్రింబగళ్లు వెలిగే లైట్లు, తాళ్లతో లాగే బండి, అన్నీ ఆ తడిలోనే. ప్రాణం మీదికి వచ్చే ఘడియలు ముఖ్యంగా మూడు: విగ్రహాన్ని తెచ్చేటప్పుడు, వానలో మండపం వైర్లు సర్దేటప్పుడు, నిమజ్జనానికి తీసుకెళ్లేటప్పుడు. వీటిలో మొదటిదీ చివరిదీ ఎలా జరుగుతాయన్నది, విగ్రహం ఎన్ని అడుగులని కమిటీ కూర్చుని అనుకున్న రోజే సగం తేలిపోతుంది. అందుకే జాగ్రత్త చవితి ముందురోజు కాదు, అడ్వాన్సు ఇచ్చే ముందు మొదలుకావాలి.

ఎత్తు లెక్క

పక్క వీధిలో పన్నెండు అడుగులు పెట్టారు కాబట్టి మనం పద్నాలుగు అనే లెక్క వదిలేయండి. దారిలో తీగ ఎంత ఎత్తున ఉందో అది లెక్క. వీధిని అడ్డంగా దాటే ఎల్టీ లైను (ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజీది) నేలకు కనీసం 5.8 మీటర్లు, 11 కేవీ (11 వేల వోల్టుల) లైను 6.1 మీటర్లు ఎత్తున ఉండాలని నిబంధన. అడుగుల్లో చెప్పుకుంటే 19, 20. అయితే ఇది కాగితం మీది ఎత్తు. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు పోసిన ప్రతిసారీ నేల పైకి వస్తుంది. రెండు స్తంభాల నడుమ తీగ ఏళ్ల తరబడి సాగి కిందికి దిగుతుంది. ఇళ్లలోకి వెళ్లే సర్వీసు వైర్లు, కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు గల్లీల్లో ఇంకా కిందుగా వేలాడుతుంటాయి.

ఇప్పుడు బండి వైపు చూడండి. విగ్రహం నిలబెట్టే ట్రాలీ పలక నేలకు సుమారు 4 అడుగుల ఎత్తు. పీట ఒక అడుగు, విగ్రహం 10 అడుగులు, పైన గొడుగో కిరీటమో మరో అడుగు. మొత్తం 16. గుంతలో చక్రం దిగి ఎగిరినప్పుడు ఇంకో అర అడుగు. కాగితం మీద మూడడుగుల ఖాళీ కనిపిస్తుంది కానీ మన గల్లీలో అంత ఉండదు. మామూలు వీధి మండపానికి విగ్రహం 8 అడుగులు దాటకపోవడమే మంచిదని మా అభిప్రాయం. బండి, పీట, గొడుగు కలిపి 14 దగ్గర ఆగుతుంది. ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూసి పోటీ పడొద్దు. అక్కడ 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై అంతంత ఎత్తుకు పెరిగింది నిజమే. కానీ ఆయన బయలుదేరే దారిని ముందే సిద్ధం చేయడానికి పోలీసు, విద్యుత్, మునిసిపల్ యంత్రాంగమంతా ఉంటుంది. మన గల్లీకి ఎవరూ రారు.

దారిని నడిచి చూడాలి, బైకు మీద తిరిగితే తీగలు కళ్లబడవు. విగ్రహం కొనే చోటి నుంచి, అది హైదరాబాద్‌లో విగ్రహాలు చేసే ధూల్‌పేట అయినా ఊరి బయట షెడ్డు అయినా, మండపం దాకా ఒకసారి. మండపం నుంచి చెరువు దాకా మరోసారి. తీగ దాటే ప్రతిచోటూ రాసుకోండి. ఎత్తు కొలవడానికి గడ, ఇనుప టేపు, వెదురు బొంగు, ఏదీ పైకెత్తకండి. ఆ జాబితా లైన్‌మన్‌కు ఇచ్చి ఆయన్నే వచ్చి చూడమనండి. పెద్ద పింగాణీ గిన్నెల మీద మూడే తీగలు పోతుంటే అది చాలావరకు 11 కేవీ. దాన్ని తాకనక్కర్లేదు, బాగా దగ్గరైతే చాలు, కరెంటు దూకుతుంది. దానిలో కరెంటు ఉన్నంతసేపు మనిషికీ, విగ్రహానికీ, జెండా కర్రకూ కనీసం పది అడుగుల దూరం ఉండాల్సిందే; అంత ఖాళీ లేనిచోట లైను ఆపించాకే దాటాలి.

తీగ అడ్డొస్తే కర్రతో పైకి లేపడం

అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది ఈ పనికి. విగ్రహం పక్కన ఒక కుర్రాడు నిలబడి, వచ్చిన ప్రతి వైరునూ కర్రతో లేపి దాటిస్తుంటాడు. ఎండు కర్రకు కరెంటు పట్టదని ధీమా. వానలో తడిసిన వెదురు, చెమట చేతిలో పచ్చి కర్ర, రెండూ కరెంటును మోస్తాయి. నల్ల తొడుగున్న వైరే కదా అని చేత్తో పట్టుకోవడమూ అంతే ప్రమాదం. ఎండకు ఎండి ఆ తొడుగు ఎక్కడ పగిలిందో కింద నుంచి తెలియదు. కేబుల్, ఇంటర్నెట్ వైర్లలో చాలావాటికి బరువు మోయడానికి స్టీలు తీగ ఉంటుంది. ఆ వైరు పది స్తంభాల అవతల కరెంటు తీగకు ఒరుసుకుంటున్నా మన గల్లీలో దాని తీగలో కరెంటు ఉండొచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథం లాగుతుండగా కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు.

దారి ఒకటే. ఎక్కడ తీగ అడ్డొస్తుందో అక్కడికి బండి వచ్చే సమయం లైన్‌మన్‌కు ముందే చెప్పి ఎల్సీ, అంటే లైను ఆపడానికి అనుమతి (లైన్ క్లియర్), తీసుకోమనాలి. సబ్‌స్టేషన్ నుంచి ఆయన లైన్ క్లియర్ తీసుకుని, స్విచ్ తీసి, తీగను ఎర్త్ చేసి, సరే అన్నాకే బండి కదలాలి. ఫోనులో ఎవరో కరెంటు తీసేశామన్నారు అంటే చాలదు, లైన్‌మన్ మనిషి ఎదురుగా ఉండాలి. దారి మధ్యలో చిక్కుకుంటే బండి ఆపి విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఆగండి. గంట ఆలస్యమైతే ఏమీ కాదు.

బండికి తీగ తగిలితే కింద ఉన్నవాళ్లు బండినీ, తాడునూ, దాన్ని పట్టుకున్న మనిషినీ తాకకుండా కనీసం ముప్పై అడుగులు వెనక్కి పోవాలి. పరుగెత్తొద్దు. తీగ పడ్డ చోట నేలలోకి పాకిన కరెంటు, దూరంగా వేసిన రెండు అడుగుల మధ్య కాళ్ల గుండా పారుతుంది. పాదం పాదాన్ని ఆనించుకుంటూ చిన్నచిన్న అడుగులతో జరగాలి. బండి మీద ఉన్నవాళ్లు కరెంటు తీసేదాకా అక్కడే కదలకుండా ఉండటం మేలు. మంటలు లేచి దిగక తప్పకపోతే, ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద అన్నట్టు ఎప్పుడూ ఉండకూడదు. రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి ఒక్కసారే దూకాలి.

మండపంలో కరెంటు

స్తంభం తీగకు కొక్కెం తగిలించడం మానండి. తాత్కాలిక కనెక్షన్‌కు విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు చేస్తే మీటరూ, మనిషీ వస్తారు. లోడు లెక్క మీరే వేసుకోవచ్చు. 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు పది, 500 వాట్లు. హాలోజన్లు రెండు, 1000. మైకు ఆంప్లిఫయర్ 1000. సీరియల్ సెట్లు అన్నీ కలిపి 200. మొత్తం 2700 వాట్లు, 230తో భాగిస్తే సుమారు 12 ఆంపియర్లు. మెయిన్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5 వేస్తే వైరు వేడెక్కదు. డీజే పెట్టదలిస్తే అది ఈ లెక్కలోకి రాదు, దానికి వేరే ఏర్పాటు కావాలి.

బోర్డులో ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది తెలియను కూడా తెలియదు. ఎర్త్ రాడ్ పాతినా లెక్క మారదు. తాత్కాలికంగా కొట్టిన రాడ్ నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. ఇనుప పైపుకు ఫేజు తగిలితే 230ని 20తో భాగించగా వచ్చే 11.5 ఆంపియర్లే పారుతుంది. ఎంసీబీ పడదు, మండపం మొత్తం కరెంటుతో నిలబడి ఉంటుంది. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ తప్పనిసరి. పోయిన కరెంటు అంతా తిరిగి రాకపోతే, అంటే నేలలోకో మనిషిలోకో 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే, సెకనులో చిన్న భాగంలోనే అది పడిపోతుంది. ఇనుప ఫ్రేము, రేకులు, జనరేటర్ బాడీ అన్నిటినీ ఎర్త్ వైరుతో కలపండి. ఆర్సీసీబీ మీద టెస్ట్ బటన్ రోజూ సాయంత్రం లైట్లు వేయకముందు నొక్కి చూడండి. వాన పడగానే అది మాటిమాటికీ పడిపోతుంటే పాడైందని కాదు, ఎక్కడో వైరు తడిసిందని. చిరాకుతో దాన్ని తప్పించి నేరుగా కలపడం కంటే ఆ రాత్రి లైట్లు లేకుండా ఉండటం నయం.

జాయింట్లు నేల మీద వద్దు. నల్ల టేపు చుట్టిన జాయింటు లోపలికి నీరు పోతుంది, బయటికి మాత్రం పొడిగా కనిపిస్తుంది. వీలైనంత వరకు జాయింట్ లేని ఒకే ముక్క వాడండి. తప్పనిసరైతే తలకు అందనంత ఎత్తున డబ్బాలో పెట్టండి. వైరు ఇనుప పైపును దాటేచోట ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడగండి. గాలికి ఊగి ఊగి తొడుగు అరిగేది అక్కడే. సీరియల్ సెట్లను ఇనుప గేటుకు, రేకులకు చుట్టొద్దు. ఆ సన్నటి వైరు తొడుగు గోరుతో గీరినా ఊడుతుంది. రెండు పిన్నుల మైకు సెట్టు పట్టుకుని తడి నేల మీద చెప్పుల్లేకుండా పాడటం కూడా చూస్తూనే ఉంటాం. మైకు దగ్గర రబ్బరు మ్యాట్ వేయండి, ఆంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్ పెట్టించండి.

జనరేటర్ ఉంటే చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటర్ రెండిట్లో ఒక్కదాన్నే కలిపే స్విచ్) లేకుండా కలపకండి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ కరెంటు లైనులోకి వెనక్కి వెళ్తే, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని అటువైపు 11 వేల వోల్టులు చేసి పంపుతుంది. లైను ఆగి ఉందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం దాంతో పోతుంది.

వాన మొదలైతే వరుస ఇది: ముందు మెయిన్ ఆపాలి, తర్వాత పట్టా సర్దాలి. పట్టా మీద నిలిచిన నీళ్లను కింద నుంచి కర్రతో పొడిచి కారుస్తారు, ఆ బరువు ఒకవైపు ఒరిగి పందిరి కూలుతుంది. మొదటే వాలు ఎక్కువగా ఇచ్చి కట్టించండి.

దీపం సంగతి. అఖండ దీపం ఇసుక పోసిన వెడల్పు పళ్లెంలో ఉండాలి, వెనక గుడ్డ తెరకు మూడడుగుల దూరం. థర్మాకోల్ అలంకరణ అసలొద్దు, అంటుకుంటే కరిగి చుక్కలు చుక్కలుగా కింద పడుతూ మండుతుంది. హాలోజన్ లైటు కూడా గుడ్డను అంటించగలదు. రెండు బకెట్ల ఇసుక, ఒక డ్రమ్ము నీళ్లు, 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి ఉంచండి. కరెంటు మంట మీద నీళ్లు చల్లొద్దు. రాత్రి మండపంలో కనీసం ఇద్దరు మెలకువగా ఉండాలి.

ఎవరికైనా షాక్ కొడితే మెయిన్ ఆపకుండా ముట్టుకోకండి. మెయిన్ ఆపి విడిపించాక శ్వాస లేకపోతే 108కి ఒకరు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5, 6 సెంటీమీటర్ల లోతుకు, అంబులెన్స్ వచ్చేదాకా. షాక్‌తో ఆగిన గుండె తిరిగి కొట్టుకునే అవకాశం ఉంటుంది, వదిలేయొద్దు.

నిమజ్జనం

విగ్రహాన్ని నాలుగు వైపులా తాళ్లతో ట్రాలీకి కట్టి, పీట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చండి. ప్లాస్టర్ విగ్రహం లోపల డొల్ల, ఎత్తు ఎక్కువ, బ్రేకు వేస్తే ముందుకు ఒరుగుతుంది. ట్రాలీలకు చాలావరకు సొంత బ్రేకులుండవు, గట్టు దిగేటప్పుడు వెనక నుంచి ట్రాక్టర్‌ను నెడతాయి. చక్రాలకు వేసే చెక్క దిమ్మలు ఇద్దరు చేతిలో పట్టుకుని వెంట నడవాలి. పిల్లలను ట్రాక్టర్ మడ్‌గార్డు మీద, ఇంజనుకూ ట్రాలీకీ మధ్య కొక్కెం మీద కూర్చోనివ్వకండి, జారితే నేరుగా చక్రం కిందికే. బండి ముందు ఆడేవాళ్లకూ బండికీ మధ్య పది అడుగులకు తాడు పట్టించండి. డ్రైవర్ మందు తాగితే బండి కదలకూడదు, అడిగేవాళ్లు కమిటీలో పెద్దవాళ్లై ఉండాలి. మెరుపు కాగితాలు చిమ్మే గన్నులు తీగల కింద పేల్చొద్దు, ఆ వెండి పొరలు తీగల మీద పడి షార్ట్ అవుతాయి.

క్రేను ఉన్న చెరువైతే విగ్రహాన్ని క్రేను సిబ్బందికి అప్పగించి వెనక్కి జరగండి. క్రేను లేనిచోటే నీళ్లలోకి దిగాలనిపిస్తుంది. క్వారీ గుంతలో ఒక అడుగు మోకాలి లోతు, తర్వాతి అడుగు ముప్పై అడుగులు. సిమెంటు వాలు కట్టిన కాలువలో పాచికి కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, బయటికి రావడానికీ చోటుండదు. చెరువు పూడికలో కాళ్లు దిగబడతాయి. విగ్రహం మునిగేటప్పుడు దాని తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. 2019 సెప్టెంబరులో భోపాల్‌లో నిమజ్జనానికి వెళ్లిన పడవలు బోల్తాపడి 11 మంది చనిపోయారు, వాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు.

మోకాలి లోతు దాటొద్దు. ఈత బాగా వచ్చినవాళ్లు నలుగురు, గాలి నింపిన ట్యూబులు, యాభై అడుగుల తాడు, మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాన్లు గట్టు మీద సిద్ధంగా ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే దూకకండి, తాడూ క్యానూ విసరండి. మునిగేవాడు రక్షించేవాణ్ణి పట్టుకుని ఇద్దరూ పోవడం మామూలే. బయలుదేరేటప్పుడు ట్రాలీ ఎక్కిన వాళ్ల పేర్లు రాసుకుని, తిరిగి ఎక్కేటప్పుడు పిలవండి. ఒక మనిషి లేడన్న సంగతి ఇంటికి చేరాక తెలిస్తే అప్పటికే ఆలస్యం. ఇంట్లో పెట్టుకున్న మట్టి వినాయకుణ్ణి చెరువుకు మోయనక్కర్లేదు, తొట్టిలో ఒకటి రెండు రోజుల్లో కరుగుతుంది, ఆ మట్టి తులసి కుండీలో వేసుకోవచ్చు.

మర్నాడు మండపం విప్పడం ఉంది. రాత్రంతా నిద్ర లేని నలుగురు కుర్రాళ్లకు ఆ పని అప్పగించేస్తారు. తాత్కాలిక కనెక్షన్ లైన్‌మన్ వచ్చి తీశాకే ఒక్క పైపైనా కదపండి. ముందు వైర్లన్నీ చుట్టేసి, తర్వాత గుడ్డలు, తర్వాత రేకులు. పొడవాటి ఇనుప పైపును నిలబెట్టి మోయకండి, ఇద్దరు చెరో కొన పట్టుకుని అడ్డంగా పట్టుకెళ్లండి.