గ్రాన్ టురిస్మో 7లో కారుకు తగ్గ టైర్లు ఎంచుకోవడం ఎలా?

గ్రాన్ టురిస్మో 7 కార్ల రేసింగ్ వీడియో గేమ్. ఈ ఆటలో కొత్తగా కారు కొన్న చాలామంది ముందు చేసే పని, చేతిలో క్రెడిట్లు (ఆటలోని డబ్బు) ఉంటే చాలు, రేసింగ్ సాఫ్ట్ టైర్లు తగిలించడం. కారు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, మొదటి మలుపులు హాయిగా తిరుగుతాయి. ఆ తర్వాతే చిక్కులు బయటపడతాయి. పీపీ (పెర్ఫార్మెన్స్ పాయింట్స్, కారు సామర్థ్యానికి ఆట ఇచ్చే అంకె) ఎగబాకి పరిమితి దాటితే రేసులోకి రానివ్వదు. రానిచ్చినా కొన్ని ల్యాపులకే టైరు అరిగిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ పట్టున్న టైరే మంచి టైరు అనుకోవద్దు. కారు బలానికి, ట్రాక్‌కు, రేసు నిబంధనలకు సరిపడేదే మంచిది.

1. ముందుగా టైర్ల వరుస గుర్తుంచుకోండి

తారు రోడ్డు టైర్లు మూడు కుటుంబాలు: కంఫర్ట్, స్పోర్ట్స్, రేసింగ్. ఒక్కోదాంట్లో హార్డ్, మీడియం, సాఫ్ట్ అని మూడేసి రకాలు. కంఫర్ట్ హార్డ్ అన్నిటికంటే జారుతుంది, రేసింగ్ సాఫ్ట్ అన్నిటికంటే పట్టుకుంటుంది. ఈ వరుసలో ఒక్కో రకం ఒక్కో మెట్టు. ఇవి కాక వానకు ఇంటర్మీడియట్, హెవీ వెట్ ఉన్నాయి. మట్టికి, మంచుకు వేరే టైర్లు. అక్కడ తారు రోడ్డు టైర్లతో దిగితే కారు నిలవదు, కాబట్టి ఆలోచించే పని లేదు.

2. కారు స్వభావం చూసి మొదలుపెట్టే మెట్టు తేల్చుకోండి

2012లో వచ్చిన టయోటా 86కు సుమారు 200 హార్స్‌పవర్, బరువు దాదాపు 1,200 కిలోలు. దానికి 17 అంగుళాల చక్రాలపై 215 మిల్లీమీటర్ల వెడల్పున్న మామూలు రోడ్డు టైర్లే ఇచ్చారు. తక్కువ వేగంలోనే వెనకభాగం కదిలి, నడపడంలో మజా తెలియాలన్నది కంపెనీ ఉద్దేశం. దీనికి రేసింగ్ సాఫ్ట్ వేస్తే ఆ టైరు పట్టును దాటేంత బలం ఇంజిన్‌కు ఉండదు. మలుపు మధ్యలోనే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కేయవచ్చు, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. సస్పెన్షన్ మెత్తగానే ఉంటే కారు ఒక పక్కకు బాగా వాలి, లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది కూడా.

మా లెక్క ఇది. చిన్న రోజువారీ కార్లకు కంఫర్ట్ మీడియం. 86, మాజ్డా రోడ్‌స్టర్ లాంటివాటికి కంఫర్ట్ సాఫ్ట్ నుంచి స్పోర్ట్స్ హార్డ్ వరకు. 400 హార్స్‌పవర్ దాటిన రోడ్డు కార్లకు స్పోర్ట్స్ హార్డ్ లేదా మీడియం. పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ వంటివి షోరూమ్ నుంచే ట్రాక్ టైర్లతో వస్తాయి కాబట్టి స్పోర్ట్స్ మీడియం, సాఫ్ట్. ఆటలో గ్రూప్ 4, గ్రూప్ 3, గ్రూప్ 1 అనే తరగతుల్లోని రేసు కార్లకు రేసింగ్ టైర్లే.

3. రేసు వివరాల పేజీ చదవండి

పీపీ పరిమితి, ఏ టైర్లకు అనుమతి, టైరు అరుగుదల ఎన్ని రెట్లు, వాన పడే అవకాశం ఉందా అన్న నాలుగూ చూడండి. అరుగుదల పెంచని పొట్టి రేసులో మెత్తని టైరుకు భయపడనక్కర్లేదు.

4. పట్టుకు పీపీలో వెల కట్టాలి

మెత్తని టైరు వేస్తే పీపీ పెరుగుతుంది. పరిమితిలోకి తేవాలంటే పవర్ రిస్ట్రిక్టర్‌తో ఇంజిన్ బలం తగ్గించాలి, లేదా బ్యాలస్ట్‌తో బరువు పెంచాలి. అంటే మలుపుల్లో సంపాదించింది తిన్నని దారిలో పోగొట్టుకుంటారు. 2.045 కిలోమీటర్ల సుకుబా ట్రాక్‌లో మలుపులదే రాజ్యం, అక్కడ ఈ బేరం గిట్టుబాటవుతుంది. 13.6 కిలోమీటర్ల లే మాన్స్‌లో పొడవాటి తిన్నని దారులు ఉన్నాయి. అక్కడ ఒక మెట్టు గట్టి టైరు, కాస్త ఎక్కువ ఇంజిన్ బలం తరచుగా మెరుగు.

5. ఐదు ల్యాపులు పరీక్షించండి

ట్రాక్షన్ కంట్రోల్‌ను (చక్రాలు ఊరికే తిరగకుండా ఆపే సాయం) 0 లేదా 1కి తగ్గించండి. ఎక్కువ పెడితే టైరు లోపాన్ని అది కప్పేస్తుంది. మొదటి ల్యాపు లెక్కలోకి తీసుకోవద్దు. మూడో గేరులో కూడా మలుపు దాటేటప్పుడు వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయా, తెరమీద టైరు గుర్తు పదేపదే ఎర్రబడుతోందా? ఒక మెట్టు మెత్తనిది వేయండి. ఎక్కడా యాక్సిలరేటర్‌ను సర్దాల్సిన పనే పడటం లేదంటే ఒక మెట్టు గట్టిదానికి దిగండి. ఒకేసారి రెండు మెట్లు మార్చితే ఏది దేనివల్ల జరిగిందో తెలియదు.

ముందు, వెనక వేర్వేరు టైర్లు వేసే వీలుంది గానీ మొదట్లో ఒకే రకం ఉంచండి. ముందు మెత్తనివి, వెనక గట్టివి వేస్తే వెనకభాగం తిరిగిపోతుంది. తిరగేస్తే స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు తిరగదు. మలుపు తిరగనని మొండికేసే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు మాత్రం వెనక ఒక మెట్టు గట్టివి వేసి చూడవచ్చు.

6. పొడవైన రేసుకు కూడికలు చేయండి

ఉదాహరణకు 15 ల్యాపుల రేసు అనుకుందాం. సాఫ్ట్‌తో ల్యాపుకు 0.8 సెకన్లు కలిసొస్తుంది, కానీ మధ్యలో ఒకసారి పిట్‌కు (టైర్లు మార్చి, ఇంధనం నింపే చోటు) వెళ్లాలి, అక్కడ 25 సెకన్లు పోతాయి. వచ్చేది 12, పోయేది 25, కాబట్టి మీడియంతో ఆగకుండా నడపడమే లాభం. తేడా ల్యాపుకు 2 సెకన్లైతే 30 సెకన్లు కలిసొస్తాయి, అప్పుడు సాఫ్ట్. ఇంధనం కోసం ఎలాగూ ఆగాల్సి వస్తే పిట్ సమయంలో చాలా భాగం రెండు పద్ధతుల్లోనూ పోయేదే. అప్పుడు సాఫ్ట్ వైపే మొగ్గండి. టైరు సగం అరిగాక ల్యాపు సమయం ఎంత పడిపోతోందో కూడా చూసుకోవాలి, మొదటి ల్యాపుల వేగంతోనే లెక్క కడితే తప్పుతుంది.

7. వాన

వాన టైర్లు కారుకు ముందే కొని ఉంచండి, లేకపోతే పిట్‌లో కావాలన్నా దొరకవు. రాడార్‌లో మబ్బు ఎటు కదులుతోందో, తెరపై తడి కొలత ఎంత పెరిగిందో రెండూ గమనించండి. పొడి రోడ్డు రేసింగ్ టైర్లపై నీరు పోయే గాడులు ఉండవు, నీటిని పక్కకు తోయలేవు, అందుకే తడి పెరిగేకొద్దీ బ్రేకు దూరం సాగుతుంది. ఓ మోస్తరు తడికి ఇంటర్మీడియట్, నీళ్లు నిలిచాక హెవీ వెట్. రోడ్డు ఆరుతున్నప్పుడు హెవీ వెట్ మీదే ఉండిపోతే అవి త్వరగా అరిగిపోతాయి. లే మాన్స్‌లో పిట్ దారి దాటాక మనసు మార్చుకుంటే తప్పు టైర్లతో ఇంకో పూర్తి చుట్టు తిరగాలి, కాబట్టి చివరి మలుపులకు ముందే తేల్చుకోండి.

స్టీరింగ్ వీల్ లేకుండా కంట్రోలర్‌తో ఆడేవాళ్లు, టైరు జారడం చేతికి అంత స్పష్టంగా తెలియదు కనుక, పైన చెప్పిన వాటికంటే ఒక మెట్టు మెత్తనిది ఎంచుకోవచ్చు.