మధ్యాహ్నం మొరాయించే ఏసీ: గ్యాస్ నింపించే ముందు బాల్కనీలోకి వెళ్లి చూడండి

సమస్య: ఉదయం ఏసీ హాయిగా పనిచేస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక గది 28 డిగ్రీల కంటే దిగదు, లేదా అవుట్‌డోర్ యూనిట్ కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంది. రాత్రి పది దాటితే మళ్లీ మామూలే.

ఈ మాట ఫోనులో వినగానే చాలామంది మెకానిక్‌లు “గ్యాస్ అయిపోయింది సార్” అంటారు. అయిపోవడానికి అది స్కూటర్‌లో పెట్రోలు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోట, ముఖ్యంగా పైపుల నట్ల దగ్గర, జిడ్డుగా నూనె మరక కనిపిస్తుంది. పైగా గ్యాస్ బాగా తగ్గిన ఏసీ రాత్రి కూడా సతాయిస్తుంది, వేళ చూసుకుని మొరాయించదు.

ఫిల్టరు కడిగారని, కాయిల్ మీద దుమ్ము లేదని అనుకునే రాస్తున్నాను. కడగకపోతే ముందు ఆ పని చేసి రండి.

కారణం: బయటి యూనిట్ తాను వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటోంది.

ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి సుమారు 5.2 కిలోవాట్ల వేడిని లాగుతుంది. కంప్రెసర్ తినే ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు కూడా చివరికి వేడిగానే బయటికి రావాలి. అంటే రెండు కిలోవాట్ల గీజర్లు మూడుకు పైగా వేసి, ఆ వేడినంతా ఊదుతున్నట్టే. ఊదేది ఆరుబయటికి అయితే బాధ లేదు. మన అపార్ట్‌మెంట్లలో ఊదేది నాలుగడుగుల వెనక బాల్కనీలోకి. దానికి ముందు బిల్డరు పెట్టిన సిమెంటు జాలీ, దాని మీద పావురాల వల, ఆ వలకు పట్టిన దుమ్మూ ఈకలూ. గాలి జాలీకి కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది, ఫ్యాన్ దాన్నే మళ్లీ లాగుతుంది. ఏసీల సామర్థ్యాన్ని లెక్కకట్టేదే బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో అది 45 దాటుతుంది, దానికి ఈ తిరుగుగాలి ఇంకో పది డిగ్రీలు కలిపితే ఏ కంపెనీ యూనిట్ అయినా ఏం చేస్తుంది? ఆగిపోతుంది.

నేను దీనికి బలైంది హైదరాబాద్‌లో ఒక నాలుగో అంతస్తు ఫ్లాటులో. మొదటిసారి ఉదయం పదింటికి వెళ్లి కొంచెం గ్యాస్ కలిపాను. గది చల్లబడింది, డబ్బు తీసుకుని వచ్చేశాను. మూడు రోజులకు ఫోను. మళ్లీ ఉదయమే వెళ్లి కెపాసిటర్ మార్చాను. మళ్లీ ఫోను. మూడోసారి వేరే పని ఆలస్యమై మధ్యాహ్నం మూడింటికి వెళ్లాల్సి వచ్చింది. ఇంటావిడ వెనక బాల్కనీ తలుపు తీస్తూ, “ఈ ఏసీతో ఒకటే లాభం బాబూ, జీన్సు ప్యాంటు కూడా అరగంటలో ఆరిపోతోంది” అన్నారు. ఎగతాళికి అన్నారు గానీ రోగం అదే. ఇటుక బట్టీ ముందు నిలబడ్డట్టుంది. వీధివైపు నీడలో థర్మామీటరు 41 చూపితే, యూనిట్ వెనక గాలి లోపలికి వెళ్లే చోట 53 చూపింది. రెండుసార్లు వెళ్లి కూడా ఆ యూనిట్ వెనక చెయ్యి పెట్టి చూడలేదు నేను. పైగా నేను కలిపిన గ్యాస్ దాని మీద అదనపు భారమైంది. మొత్తం తీసేసి, లేబుల్ మీద రాసినన్ని గ్రాములు తూచి నింపాను, నా ఖర్చుతోనే.

అందుకే పరీక్ష మధ్యాహ్నమే చేయాలి. ఏసీ అరగంట నడిచాక వెనక కాయిల్ దగ్గర ఒక కొలత, బయట నీడలో ఒక కొలత తీసుకోండి. తేడా మూడు నాలుగు డిగ్రీలు దాటితే తిరుగుగాలి ఉన్నట్టే. థర్మామీటరు లేకపోతే అగరుబత్తి చాలు. యూనిట్ పక్క అంచున పట్టుకుంటే పొగ ముందు నుంచి వెనక్కి పాకుతూ కనిపిస్తుంది. మెకానిక్ దగ్గర క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఉంటే ఇంకో ఆధారం: గ్యాస్ తగ్గితే కరెంటు ఆంపియర్లు తగ్గుతాయి, వేడిగాలి తిరిగితే పెరుగుతాయి. ఇన్వర్టర్ ఏసీలో మాత్రం ఈ లెక్క నమ్మకండి. వేడెక్కగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

పరిష్కారం: ఫ్యాన్‌కు ఎదురుగా ఉన్న జాలీని ఆ మేరకు కోయించండి, కిందికి వంగిన పలకలుంటే ముందు అవి పోవాలి. యూనిట్ నేల మీద ఉండి మూడడుగుల పిట్టగోడ మీదికి ఊదుతుంటే, ఫ్యాన్ గోడ పైకి వచ్చేంత ఎత్తు స్టాండు వేయించి, ముఖం బయటి అంచుకు ఆనేలా జరపండి. పక్కల మిగిలిన సందుల్లో రేకు పెడితే గాలి వెనక్కి రాదు, అయితే వెనకకు గాలి అందే దారిని మాత్రం మూయకండి. ఎక్కడ ఎంత ఖాళీ ఉండాలో పెట్టెలో వచ్చే కాగితం మీద బొమ్మ వేసి ఉంటుంది, దాన్ని చదివిన ఇల్లు ఇంతవరకు నేను చూడలేదు. ఎండకు తట్టుకోలేదని తడి గోనెసంచి కప్పేవాళ్లున్నారు. నీడ కావాలంటే పైన అడుగు ఎత్తున రేకు వేయండి, యూనిట్‌కు దుప్పటి కప్పకండి. నాలుగైదు అంతస్తుల యూనిట్లు ఒకే ఇరుకు డక్టులో ఉంటే కింది వేడంతా పై ఇంటికే చేరుతుంది. అక్కడ చిల్లర మరమ్మతులు పనిచేయవు, యూనిట్‌ను మేడ మీదికి మార్చాల్సిందే. పైపు పొడవు పెరిగితే గ్యాస్ కూడా లెక్క ప్రకారం కలపాలి.

ఎలాగూ జరుపుతున్నారు కనుక ఇంకొన్ని. వంటగ్యాస్ సిలిండరు పక్కన యూనిట్ వద్దు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కారితే నేల మీదే పేరుకుంటుంది, యూనిట్‌లో నిప్పురవ్వ పుట్టే స్విచ్చులుంటాయి. ఇప్పటి ఏసీల్లో ఉండే ఆర్-32 అనే గ్యాస్ కూడా కొద్దిగా మండేదే, ఆర్-290 అయితే ప్రొపేనే, వంటగ్యాస్‌కు దాయాది. పిల్లలున్న ఇంట్లో యూనిట్ మీద కాలు పెట్టి రెయిలింగ్ ఎక్కే వీలుంటే ఆ చోటు వదిలేయండి. బోల్టులు కాంక్రీటులోకి దిగాలి. తేలిక ఇటుక గోడకు ముప్పై నలభై కిలోల బరువు, ఆపైన రోజంతా అదురు తగిలిస్తే ఏదో ఒక రోజు బోల్టుతోపాటు గోడ ముక్క కూడా ఊడి వస్తుంది. విశాఖలాంటి సముద్రతీరంలో స్టాండు తుప్పును ఏటా చూడాలి. మనిషి నిలబడి సర్వీసు చేయలేని సన్‌షేడ్ మీద యూనిట్ పెట్టించకండి. దాన్ని కడగడానికి వచ్చేవాడి నడుముకు తాడు కట్టుకునే చోటు కూడా ఉండదు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా మధ్యాహ్నం ఆగుతుంటే వోల్టేజి చూడండి. పల్లెల్లో చాలాసార్లు అదే. క్యాపిలరీ (గ్యాస్ వెళ్లే సన్నని గొట్టం) మూసుకుపోవడం, కంప్రెసర్ వాల్వులు అరగడం, బోర్డు మీద బల్లి పడటం ఉంటాయి గానీ అరుదు, వాటికి వేళాపాళా ఉండదు.