‘అది’ నుంచి ‘ఆమె’ దాకా: వర్గ దృష్టిని రంగస్థలం మీద చూపడం ఎలా

జె.బి. ప్రీస్ట్లీ నాటకం ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ను హన్మకొండలో విద్యార్థుల చేత తెలుగులో ఆడించదలిచినవారు ముందుగా తేల్చుకోవలసింది కథాస్థలం. 1912 నాటి ఇంగ్లండులో బిర్లింగ్ అనే మిల్లు యజమాని ఇంటికి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఈవా స్మిత్ అనే పనిపిల్ల చావు గురించి ఇంటిల్లిపాదినీ విచారించే ఈ కథను గడీలోకి మార్చి, బిర్లింగ్‌ను దొరను చేయాలన్న ఆలోచన ఇక్కడ ఎవరికైనా వస్తుంది; ఈ నాటకం లండనులో ప్రదర్శితమైన 1946లోనే కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు బలయ్యాడు కూడా. అయినా ఆ మార్పు వద్దనే నా సలహా. దొరను చూసిన ప్రేక్షకుడు ‘ఆ రోజులు పోయినయ్’ అనుకుని నిశ్చింతగా కూర్చుంటాడు. బిర్లింగ్ కొరడా పట్టినవాడు కాడు. వారానికి సుమారు 22న్నర షిల్లింగులున్న కూలిని 25 చేయమని సమ్మె చేసిన ఈవా స్మిత్‌ను పనిలోంచి తీసేసి, వ్యాపారమంటే అంతేనని మనస్ఫూర్తిగా నమ్మే పెద్దమనిషి.

కాబట్టి కథను ఇంగ్లండులోనే ఉంచి, మాట తీరును మనది చేయండి. ఇంగ్లీషులో ఎవరినైనా ‘యూ’ అనవచ్చు, ఏ ఆడమనిషినైనా ‘షీ’ అనవచ్చు. తెలుగులో ఎవరు ఎవరికి ఎంత విలువ ఇస్తున్నారో వాక్యం వాక్యానికీ బయటపడుతుంది. రాతప్రతి పక్కన పట్టిక గీసి, ఏ పాత్ర ఈవాను ఏమని ప్రస్తావిస్తుందో రాసుకోండి. బిర్లింగ్ నోట ఆమె మొదటి నుంచి చివరి దాకా ‘ఆ పిల్ల’. అతని భార్య నోట ‘అది’, ‘అసొంటోళ్లు’. ఇన్‌స్పెక్టర్ ఒక్కసారి, ఒక్కసారే, ‘ఈవా స్మిత్ గారు’ అంటే చాలు, భోజనాల బల్ల చుట్టూ ఉన్న ముఖాలు మారడానికి.

కూతురు షీలా మాట మాత్రం మన కళ్లముందే మారాలి. దుకాణంలో తనకు నప్పని గౌను వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే ఈవా నవ్విందని ఉక్రోషపడి, ఆమెను పనిలోంచి తీసేయించిన సంగతి చెబుతూ, షీలా ‘అది నవ్వింది’ అని మొదలుపెట్టి, ఆ గౌను పట్టుకుని నిలబడితే ‘ఆమెకే నప్పింది’ అనే చోటికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాలి. నేనొక బృందానికి రిహార్సల్ చేయించినప్పుడు ఆ పాత్ర వేసిన అమ్మాయి అక్కడ వెక్కి వెక్కి ఏడ్చేది. ఏడుపు మానిపించి మాట మాత్రమే మార్చమన్నాక, ఆ మార్పు వెనుక వరుస దాకా వినబడింది.

దీపాల సంగతి రచయితే చెప్పాడు: ఇన్‌స్పెక్టర్ రాక ముందు గులాబీ వెలుతురు, వచ్చాక మరింత ప్రకాశవంతంగా, కటువుగా. గులాబీ జెలటిన్ కాగితం తీసేస్తే సరిపోతుంది. ఈవా ఛాయాచిత్రాన్ని ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరికే చూపుతాడు కనుక, మిగిలినవారికి కనబడని విధంగా కుర్చీలు వేయండి.

పనిమనిషి ఎడ్నాకు మాటలు నాలుగైదే ఉన్నాయని ఆ పాత్రను కొత్తవారికి అంటగట్టడం మనలో అలవాటు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడని చెప్పేది ఆమే. ట్రే పట్టుకుని ఆమె వస్తే ఎవరూ మాట ఆపకూడదు, ఎవరూ తలెత్తకూడదు, నడిచే దారిలోంచి ఎవరూ జరగకూడదు. చచ్చిపోయిన ఒక పనిపిల్ల గురించి అంత విచారణ నడిచే రాత్రే, టీ పెట్టడానికి ఎడ్నాను మేలుకుని ఉండమన్నానని మిసెస్ బిర్లింగ్ అంటుంది. ఆ వాక్యాన్ని నటి ఏమాత్రం ఒత్తి పలకకుండా, ఉప్పు అందించమన్నంత మామూలుగా అనేసి పోవాలి.